కొత్త చిమ్మటకు పేరు పెట్టాలంటే: ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దు జిల్లాల పరిశీలకులకు సమగ్ర మార్గదర్శి

పర్లాకిమిడిలోనో సిరోంచలోనో వానాకాలం రాత్రి వీధి దీపం కింద అరగంట నిలబడితే గోడ నిండా చిమ్మటలే. వాటిలో మీకు తెలియనిది ఉండడం వింతేమీ కాదు. తెలియనిది కాబట్టి కొత్తదే అనుకుంటేనే తంటా. మన దేశంలో పేరున్న చిమ్మటలే పదివేల పైచిలుకు. వాటిలో చాలావాటికి ఉన్న వర్ణన నాలుగు వాక్యాలు, అదీ పందొమ్మిదో శతాబ్దంలో లండన్‌లో కూర్చుని రాసింది. కాబట్టి ఈ పనిలో ఎక్కువ భాగం పాతవాటి లెక్క తేల్చడమే. ఆ లెక్క తేలాకే కొత్తదాని మాట. ఒక జాతికైనా, ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు), తెగ (దగ్గరి ప్రజాతుల గుంపు) లాంటి పెద్ద గుంపుకైనా ఇదే వరస.

ముందు అనుమతి

అభయారణ్యం, జాతీయ పార్కు లోపల పట్టాలంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఆ రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వక అనుమతి ఉండాలి. గజపతి జిల్లాలో లఖారీ లోయ, గడ్చిరోలిలో చప్రాలా, చంద్రపూర్‌లో తాడోబా, యవత్మాల్‌లో తిపేశ్వర్ అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. రిజర్వు అడవికైతే ముందుగా డీఎఫ్ఓ ఆఫీసులో అడగండి. తొలకరికి పట్టాలనుకుంటే సంక్రాంతి లోపే దరఖాస్తు పెట్టుకోవడం మంచిది. ఫైలు కదలడానికి నెలలు పడుతుంది.

సరిహద్దులో ఇంకో చిక్కుంది. సిరోంచ ఒడ్డున తెర కడితే మహారాష్ట్ర అనుమతి, గోదావరి దాటి కాళేశ్వరం వైపు కడితే తెలంగాణ అనుమతి. పురుగు ఏటికి అడ్డంగా ఎగిరొస్తుంది, మీ కాగితం ఎగరదు. అనుమతి నంబరు, తేదీ తర్వాత వ్యాసంలో అచ్చు వేయాల్సి ఉంటుంది కాబట్టి ఎక్కడ పట్టారన్నది ఆ కాగితంతో సరిపోలాలి. రాత్రిపూట అడవిలో పెద్ద లైటు వెలిగిస్తే ఊళ్లో అనుమానం వస్తుంది. పగలే ఊరి పెద్దకూ, పోలీసు స్టేషన్‌లోనూ చెప్పి వెళ్లండి. దోమతెర మరవొద్దు. గడ్చిరోలి, మల్కన్‌గిరి వైపు మలేరియా ఉంది.

పట్టడం

రెండు మీటర్ల తెల్ల నూలు దుప్పటి, చోక్ అక్కర్లేని 160 వాట్ల మెర్క్యురీ బల్బు, చిన్న జనరేటరు చాలు. అమావాస్యకు అటూ ఇటూ ఐదేసి రోజులు మంచివి. గాలి లేకుండా, ఉక్కగా, చినుకు పడి ఆగిన రాత్రి అన్నిటికన్నా మేలు. పదింటికే లైటు ఆర్పేసి పడుకుంటే సగం జాబితా పోయినట్టే. పెద్ద పట్టు చిమ్మటలు చాలావరకు నడిరేయి దాటాకే వస్తాయి.

వెడల్పు మూతి సీసా అడుగున ఒకటిన్నర సెంటీమీటరు మందాన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి ఆరనిచ్చి, దాని మీద కొన్ని చుక్కలు ఇథైల్ ఎసిటేట్ వేస్తే చంపే సీసా తయారవుతుంది. సీసాలో తడి కమ్మితే పొలుసులు రాలతాయి, అందుకే లోపల టిష్యూ ముక్క వేయండి. జియోమెట్రిడ్‌లనే కుటుంబంలోని పచ్చ రంగు చిమ్మటలను మాత్రం విడిగా చూడండి. వాటి పచ్చదనం తేమకు నిలవదు, గడ్డి రంగులోకి మారిపోతుంది. వాటిని ఫ్రీజర్‌లో చంపి, మళ్లీ మెత్తబరిచే పని పెట్టుకోకుండా అప్పటికప్పుడే రెక్కలు పరచాలి. లేదంటే రేపు మీరే దాన్ని చూసి గోధుమ రంగు కొత్త జాతి అనుకుంటారు.

ఒక్కటే దొరికితే వర్ణనకు తొందరపడకండి. మూడు నాలుగు మగవి, అంతే సంఖ్యలో ఆడవి ఉంటే తేడాలు ఎంతవరకు మామూలో తెలుస్తుంది. ఒకే జాతిలో మగదానికీ ఆడదానికీ పోలికే లేని కుటుంబాలున్నాయి. సైకిడ్‌లలో చాలా ఆడవాటికి రెక్కలే ఉండవు. మగదీ ఆడదీ రెండు వేరు జాతులుగా పేరెక్కిన సందర్భాలు చరిత్రలో బోలెడు. లింగం చెప్పడానికి సులువు గుర్తు వెనక రెక్క మొదట్లో ఉండే ముల్లు, అంటే ఫ్రెనులం. మగదానికి ఒక్కటే బలమైన ముల్లు, ఆడదానికి సాధారణంగా రెండు మూడు సన్నవి.

పిన్ను గుచ్చే ముందే కుడివైపు మధ్య కాలు తీసి, 95 శాతానికి తగ్గని ఇథైల్ ఆల్కహాల్‌లో వేసి ఫ్రీజర్‌లో పెట్టండి. డీఎన్‌ఏకు అదే ఆధారం. శానిటైజర్ పనికిరాదు, దానిలో నీళ్లెక్కువ.

పిన్ను, లేబులు

స్టెయిన్‌లెస్ స్టీలు కీటకాల పిన్నులు 38 మిల్లీమీటర్ల పొడవుంటాయి. 1, 2, 3 నంబర్లు సరిపోతాయి. దర్జీ గుండుసూదులు వాడితే ఒంట్లోని కొవ్వు ఇత్తడితో కలిసి ఆకుపచ్చ చిలుము కడుతుంది, ఏడాది తిరిగేలోగా మొండెం పగులుతుంది. ముందు రెక్క కింది అంచు ఒంటికి సరిగ్గా లంబంగా ఉండేలా పరిచి, ఈ జిల్లాల వానల్లో కనీసం పది రోజులు ఆరనివ్వాలి. పెట్టెను రెండు వారాలు మైనస్ 20 డిగ్రీల్లో ఉంచి తీస్తే ఎండిన నమూనాలను తినే డెర్మెస్టిడ్ పురుగుల బెడద తగ్గుతుంది. బూజుకు సిలికా జెల్. నాఫ్తలీన్ బూజును ఆపదు.

లేబులు అంతర్జాతీయంగా చదవాల్సింది కాబట్టి ఇంగ్లిషు అక్షరాల్లోనే రాస్తారు. దానిలో ఉండాల్సినవి ఇవి: భారత్, ఒడిశా, గజపతి జిల్లా, మహేంద్రగిరి ఉత్తర వాలు, దశాంశాల్లో అక్షాంశం, రేఖాంశం, ఎత్తు మీటర్లలో, తేదీ, ఎలా పట్టారు, ఎవరు పట్టారు. నెలను రోమన్ అంకెల్లో వేయండి. 7/8 అని రాస్తే ఏడో నెల ఎనిమిదో తేదీయా, ఎనిమిదో నెల ఏడో తేదీయా అన్నది వందేళ్ల తర్వాత చదివేవాడికి తెలియదు.

జిల్లా పేరు దగ్గర కాస్త ఆగాలి. గజపతి జిల్లా 1992లో గంజాం నుంచి విడిపోయింది. రాయగడ, మల్కన్‌గిరి, నవరంగపూర్‌లూ అదే ఏడాది కోరాపుట్ నుంచి వచ్చాయి. 1936కి ముందు గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోది. గడ్చిరోలి 1982 దాకా చంద్రపూర్‌లో భాగం, ఆ చంద్రపూర్ పాత కాగితాల్లో ‘చాందా’. కిన్వట్, రాజురా 1956కి ముందు హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లావి. పాత లేబుల్లో ‘గంజాం, మద్రాస్’ అని ఉంటే ఆ పురుగు మీ పెరటిదే కావచ్చు. తమిళనాడుదనుకుని పక్కన పెట్టేస్తే పేరున్నదానికే మళ్లీ పేరు పెట్టినవాళ్లవుతారు.

గొంగళి పురుగును పెంచి రెక్కలొచ్చాక పట్టారా? అయితే తిన్న చెట్టు కొమ్మను కూడా అట్టల మధ్య నొక్కి ఆరబెట్టి దాచండి. మన నల్లమద్దిని మరాఠీ ఊళ్లలో ఐన్ అంటారు, ఒడియా ఊళ్లలో అసన అంటారు. పేరు ఒక్కటే రాసుకుంటే తర్వాత ఏ చెట్టో మీకే తేలదు.

ఏ కుటుంబం

రంగు చూసి కుటుంబం చెప్పొద్దు. చెవి ఎక్కడుందో చూడండి. నాక్టుయిడ్ మహాకుటుంబంలో చెవి మొండెం వెనక భాగంలో ఉంటుంది. జియోమెట్రిడ్‌లకూ పైరలిడ్‌లకూ పొట్ట మొదట్లో. తొండం మొదలు పొలుసులతో కప్పి ఉంటే పైరలిడ్, గెలెకియిడ్ వర్గాల వైపు వెళ్లాలి. దసలి పట్టు చిమ్మట లాంటి సాటర్నిడ్‌లకు ఫ్రెనులం ఉండదు, నోరు కూడా పనిచేయదు. తర్వాత ఈనెలు. రెక్క కింది వైపు ఒక చుక్క ఆల్కహాల్ వేస్తే కొన్ని క్షణాల పాటు ఈనెలు అద్దంలా కనబడతాయి. ఆ లోపే ఫోటో తీయాలి.

పాత పుస్తకాలతో చూసేటప్పుడు ఒక జాగ్రత్త. హాంప్సన్ 1892 నుంచి 1896 వరకు నాలుగు సంపుటాల్లో రాసిన బ్రిటిష్ ఇండియా చిమ్మటల గ్రంథం ఇప్పటికీ చేతికింద ఉండాల్సిందే, అయితే దానిలోని కుటుంబాలను ఇవాళ్టివిగా తీసుకోకూడదు. ఆర్క్టిడే, లైమాంట్రిడే అని వేరే కుటుంబాలుగా చదువుకున్నవి, 2011లో వచ్చిన డీఎన్‌ఏ వంశవృక్షం తర్వాత ఎరెబిడే కింద ఉపకుటుంబాలయ్యాయి.

పొట్ట విప్పడం

రెక్కల మీద బొమ్మ ఒకేలా ఉన్నా జననాంగాలు వేరుగా ఉండొచ్చు. ఇవాళ ఈ భాగం లేని వర్ణనను ఏ మంచి పత్రికా తీసుకోదు.

పదును పట్టకారుతో పొట్టను పై వైపుకు మెల్లగా ఎత్తితే మొదలు దగ్గర పుటుక్కున విడిపోతుంది. కిందికి వంచితే మొండెం చీలుతుంది. పదిశాతం పొటాషియం హైడ్రాక్సైడ్, అంటే 10 గ్రాముల బిళ్లలను నీళ్లలో కరిగించి 100 మిల్లీలీటర్లకు తెచ్చిన ద్రావణం, చిన్న గాజు గొట్టంలో పోసి పొట్టను దానిలో వేయండి. ఆ గొట్టాన్ని వేడి నీళ్ల గిన్నెలో 10 నుంచి 20 నిమిషాలు ఉంచాలి. పొయ్యి మీద నేరుగా పెడితే ద్రావణం ఎగిసి కళ్లలో పడుతుంది, పొట్ట కూడా పోతుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. తొందర లేకపోతే గది వేడిలోనే రాత్రంతా నానబెట్టడం ఇంకా భద్రం. మరీ ఎక్కువ ఉడికితే పలచని పొరలు గాజులా మారి, ఆడదాని సంచి, అంటే కార్పస్ బర్సే, ఎక్కడుందో కూడా కనబడదు.

తీసి నీళ్లలో రెండుసార్లు కడిగి, సన్నని కుంచెతో పొలుసులను, లోపలి కొవ్వును మెల్లగా తోసేయండి. పొర కనబడకపోతే క్లోరజాల్ బ్లాక్ ఒక చుక్క వేస్తే నీలి నలుపు పడుతుంది. ఎక్కువైతే ఏమీ కనబడదు కాబట్టి సెకన్లు లెక్కపెట్టండి. మగదైతే ఫాలస్‌ను, అంటే పురుషాంగాన్ని, బయటికి లాగి పక్కన పెట్టి, రెండు వాల్వాలను, అంటే ఆడదాన్ని పట్టుకునే పక్క భాగాలను, పుస్తకంలా తెరవాలి. ఫాలస్‌లో మడిచి ఉన్న వెసికాను, అంటే లోపలి పొర సంచిని, సన్నని సూది సిరంజితో ఆల్కహాల్ నెట్టి తిరగతీస్తే దాని మీది ముళ్లు, అంటే కార్నుటై, లెక్కపెట్టొచ్చు. దగ్గరి జాతుల తేడా ఎన్నోసార్లు అక్కడే బయటపడుతుంది. ఆడదానిలో చూడాల్సినవి ద్వారం, నాళం పొడవు, సంచి, దాని మీది గట్టి గుర్తు, అంటే సిగ్నమ్, ఆకారం.

తర్వాత 50, 70, 95, 100 శాతం ఆల్కహాల్‌లో వరసగా పది నిమిషాల చొప్పున ఉంచి, యూపరాల్ అనే స్లైడు జిగురులో స్లైడు కట్టండి. మధ్యలో ఒక మెట్టు దాటేస్తే నీళ్లు మిగిలి స్లైడు పాలలా తెల్లబడుతుంది. స్లైడు చేతకాదనుకుంటే గ్లిసరిన్ నింపిన చిన్న గొట్టంలో వేసి అదే పిన్నుకు గుచ్చండి. అలా చేస్తే తర్వాతివాళ్లు ఏ వైపు నుంచైనా తిప్పి చూసుకోవచ్చు. ఏది చేసినా పురుగు మీద, స్లైడు మీద ఒకే నంబరు ఉండాలి. రెండు పొట్టలను ఒకేసారి ఉడికించి నంబర్లు తారుమారు చేసుకోవడం ఈ పనిలో అన్నిటికన్నా సాధారణమైన తప్పు. దానికి మందు లేదు.

పాత పేర్ల గాలింపు

ఇక్కడే నెలలు పోతాయి, పోవాలి కూడా. మీ ప్రజాతిలో ఇండియా, శ్రీలంక, బర్మా, దక్షిణ చైనా దాకా పేరున్న ప్రతి జాతినీ పట్టికగా రాయండి. ప్రతిదానికీ మొదట వర్ణించిన వ్యాసం, టైపు (ఆ పేరుకు ఆధారంగా నిలిచిన నమూనా) దొరికిన చోటు, టైపు ఇప్పుడు ఏ మ్యూజియంలో ఉందో అన్న మూడు గళ్లు ఉండాలి. మన చిమ్మటలకు పాతకాలంలో పేర్లు పెట్టిన వాకర్, మూర్, స్విన్హో, హాంప్సన్, మేరిక్‌ల టైపులు చాలావరకు లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్నాయి. అక్కడి లెప్‌ఇండెక్స్ అనే పేర్ల సూచికలో వెతకొచ్చు. టైపు ఫోటో, దాని జననాంగాల స్లైడు ఫోటో కావాలని క్యూరేటర్‌కు మర్యాదగా రాయండి. పర్యాయపదాలుగా, అంటే ఉన్న జాతికే మరో పేరుగా, కొట్టేసిన పేర్లను కూడా వదలొద్దు. మీ జాతికి సరిపోయే పేరు వాటిలో ఒకటి నిద్రపోతూ ఉండొచ్చు. ఉంటే దాన్ని లేపి వాడాలి, కొత్తది పెట్టకూడదు.

దసలి పట్టు చిమ్మటనే చూడండి. లినేయస్ 1758లో పాఫియా అన్నాడు, డ్రూరీ 1773లో మిలిట్టా అన్నాడు. రెండూ ఒకటేనా, వేరువేరా అన్న వాదన వల్ల ఇవాళ్టికీ కొన్ని కాగితాల్లో ఒక పేరు, కొన్నిట్లో మరో పేరు. దర్జాగా పట్టు ఇచ్చే పురుగుకే ఈ గతి పడితే, దీపానికి వచ్చిపోయే వేలెడు లేనిదాని సంగతి చెప్పాలా!

డీఎన్‌ఏ ఎంతవరకు

సీఓఐ అనే మైటోకాండ్రియా జన్యువులో 658 అక్షరాల ముక్కను బార్‌కోడ్ అంటారు. బయట లాబుకు కాలు పంపి చేయించుకోవచ్చు. వచ్చిన వరసను బోల్డ్ అనే బార్‌కోడ్ల డేటాబేసుతో పోల్చే ముందు, మధ్యలో స్టాప్ కోడాన్లు (ప్రోటీన్ తయారీని ఆపమనే సంకేతాలు) ఉన్నాయేమో చూడండి. ఉంటే మీకు దొరికింది అసలు జన్యువు కాదు, కేంద్రకంలోకి చేరిన దాని నకలు. రెండు శాతం తేడా ఉంటే వేరు జాతి అన్నది చట్టం కాదు, ఒక ఊహ మాత్రమే. వోల్బాకియా అనే బ్యాక్టీరియా సోకిన గుంపుల్లో బార్‌కోడ్ తప్పుదోవ పట్టిస్తుంది. జననాంగాలూ బార్‌కోడూ ఒకే మాట చెబితే నమ్మండి. వేరే మాట చెబితే ఇంకా పురుగులు పట్టాల్సిందే.

జాతి వర్ణన

వరస ఇది: తల, మొండెం, ముందు రెక్క, వెనక రెక్క, పొట్ట, మగ జననాంగాలు, ఆడ జననాంగాలు. తంతి భాషలో, క్రియలు లేకుండా. రెక్కల విప్పు పరిచేవాడి చేతిని బట్టి మారుతుంది కాబట్టి ముందు రెక్క పొడవును మొదలు నుంచి కొన దాకా కొలవండి. ‘అందమైన గోధుమ రంగు’ లాంటి మాటలు పనికిరావు. అన్నిటికన్నా ముఖ్యం వర్ణనకు ముందు వచ్చే భేద నిర్ణయం: దగ్గరి రెండు మూడు జాతుల పేర్లు చెప్పి, ఒక్కోదానితో తేడా ఏమిటో నాలుగైదు వాక్యాల్లో. చదివేవాడు చూసేది ఇదే. ‘చుక్క కాస్త పెద్దది’ అన్నది తేడా కాదు. ‘వాల్వా కొన రెండుగా చీలింది, దానిలో చీలలేదు’ అన్నది తేడా.

పేరుకు ఆధారంగా నిలిపే నమూనా, అంటే హోలోటైపు, ఒక్కటే. అరిగిపోని, జననాంగాలు విప్పిన మగదాన్ని ఎంచుకోవడం రివాజు. దానికి ఎర్ర లేబులు, వర్ణనకు వాడిన మిగతావాటికి, అంటే పారాటైపులకు, పసుపు లేబులు. అనుమానం ఉన్న పురుగును పారాటైపుల్లో కలపొద్దు.

కొత్త ప్రజాతి, తెగ

జాతి కన్నా గుంపు దగ్గర పొరపాటు ఖరీదైనది, ఎందుకంటే గుంపు కదిలితే దానిలోని పేర్లన్నీ కదులుతాయి. ఉన్న ఏ ప్రజాతిలోనూ ఇమడలేదు కాబట్టి కొత్తది పెట్టాం అంటే సరిపోదు. మూడు ప్రశ్నలకు జవాబుండాలి.

ఒకటి, మీ గుంపులోవన్నీ ఒకే మూలం నుంచి వచ్చాయనడానికి, వాటికి మాత్రమే ఉన్న కొత్త లక్షణం ఏది? ‘ఫలానాది లేదు’ అన్నది బలహీనమైన సాక్ష్యం. రెండు, మీ గుంపును తీసేశాక పాత ప్రజాతి ముక్కలవుతుందా? ఉదాహరణకు ఇరవై జాతులున్న ప్రజాతి నుంచి వింతగా కనబడే మూడింటిని తీశారనుకోండి. వంశవృక్షంలో ఆ మూడూ మిగతా పదిహేడింటి మధ్యలో మొలిచిన కొమ్మ అయితే, మీరు విడదీసింది గుంపును కాదు, వింతను. అప్పుడు ప్రజాతిని కదపకుండా జాతుల సమూహంగా చెప్పడమే మేలు. మూడు, ఆ పాత ప్రజాతికి పర్యాయపదాలుగా ఉన్న ప్రజాతి పేర్లలో దేనికైనా టైపు జాతి, అంటే ఆ పేరుకు ఆధారమైన జాతి, మీ గుంపులో పడుతోందా? పడితే ఆ పాత పేరే బతుకుతుంది. ఈ మూడో ప్రశ్నను మరచిపోయే చాలా కొత్త ప్రజాతులు పుట్టీపుట్టగానే పోయాయి.

వంశవృక్షానికి సీఓఐ ఒక్కటీ చాలదు. ఈఎఫ్-1 ఆల్ఫా, వింగ్‌లెస్, ఆర్‌పీఎస్5, సీఏడీ లాంటి కేంద్రక జన్యువులు కూడా కలపాలి. మీ గుంపు బయటి ప్రజాతులను కనీసం నాలుగైదు చేర్చాలి, వాటిలో పాత ప్రజాతి టైపు జాతి తప్పకుండా ఉండాలి. అది లేని వృక్షం చూసి ప్రజాతి పేరు మీద తీర్పు చెప్పలేం.

పేరు, ప్రచురణ

నిబంధనలన్నీ అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి నాలుగో కూర్పులో ఉన్నాయి, 2000 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. పేరు కొత్తదని వ్యాసంలో స్పష్టంగా రాయాలి. జాతికి హోలోటైపు ఏదో, ఏ సేకరణలో ఉంచుతారో చెప్పాలి. ప్రజాతికి టైపు జాతిని ప్రకటించాలి. వీటిలో ఒకటి తప్పినా ఆ పేరు చెల్లదు. కుటుంబం ‘-ఇడే’, ఉపకుటుంబం ‘-ఇనే’, తెగ ‘-ఇని’ తో ముగుస్తాయి. ఊరి పేరు మీద పెడితే ‘-ఎన్సిస్’, ప్రజాతి పేరు నపుంసక లింగమైతే ‘-ఎన్సె’. మగవాళ్ల పేరు మీదైతే ‘-ఐ’, ఆడవాళ్ల మీదైతే ‘-ఏ’. తన పేరు తనే పెట్టుకోవడాన్ని నియమావళి ఆపదు, తోటివాళ్ల నవ్వు ఆపుతుంది. ప్రజాతి పేరు జంతు ప్రపంచం మొత్తంలో ఇంకెక్కడా ఉండకూడదు. మీరు ముచ్చటపడి ఎంచుకున్న పేరు ఏ పెంకు పురుగుకో ఇప్పటికే ఉండడం మామూలే, ముందే వెతకండి.

2012 సవరణ ప్రకారం, ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చే వ్యాసమైతే ముందే జూబ్యాంక్ అనే జంతు నామాల రిజిస్టరులో నమోదు చేసి, ఆ నమోదు జరిగినట్టు ఆధారం వ్యాసంలోనే చూపాలి. ప్రచురణకు ముందు విలేకరికి గానీ, వాట్సాప్ గ్రూపులో గానీ ఆ పేరు చెప్పొద్దు. వర్ణన లేకుండా బయటికొచ్చిన పేరు చెల్లదు, అయినా అందరి నోళ్లలో నాని గందరగోళం చేస్తుంది.

2002 జీవవైవిధ్య చట్టం 39వ సెక్షన్ ప్రకారం కొత్త జీవిని కనుగొన్నవాళ్లు నిర్దేశిత భాండాగారానికి తెలియజేసి, నమూనా అప్పగించాలి. చిమ్మటలకు అది జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా. ప్రధాన కార్యాలయం కోల్‌కతాలో, ప్రాంతీయ కేంద్రాలు గోపాలపూర్‌లో, పుణెలో. అప్పగించాక ఇచ్చే రిజిస్టరు నంబరును వ్యాసం చివరి ప్రూఫులో చేర్చండి. హోలోటైపును కొరియర్‌లో పంపకండి. బరంపురం నుంచి హౌరాకు రాత్రి బండి ఎక్కి ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లడం మేలు. పొట్టకు రెండు వైపులా రెండు పిన్నులు ఊతంగా గుచ్చి, చిన్న పెట్టెను పెద్ద పెట్టెలో పెట్టి, చుట్టూ ఐదు సెంటీమీటర్ల మందం స్పాంజి వేయండి. స్లైడ్లకు వేరే పెట్టె. పిన్ను ఊడి పురుగు దొర్లితే, అదే పెట్టెలో ఉన్న స్లైడు అంచు దాని రెక్కలను అరగదీస్తుంది.